శిక్ష మీదే మాట్లాడతానన్నాను

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక సినిమా మాటల రచయిత ఉంటారు. నేను ప్రాక్టీసు మానేశానని తెలిశాక ఒక సాయంత్రం కిందికి దిగి వచ్చి, తన కథలో కోర్టు సీను ఎంతకీ తేలడం లేదని, మంచి కేసు ఏదైనా చెప్పమని అడిగారు. టీ ఇచ్చి మొదలుపెట్టాను. నేను చేసినవి క్రిమినల్ అప్పీళ్ళని, అక్కడికి సాక్షులు రారని, బోను ఉండదని, ముద్దాయి కూడా మామూలుగా రాడని చెప్పాను. కింది కోర్టులో ఎవరెవరు ఏం చెప్పారో టైపు చేసిన పుస్తకం ఒకటి ఉంటుంది. జడ్జి దాన్ని ముందు పెట్టుకుంటారు, ఫలానా పేజీ చూడండి అంటూ నేను మాట్లాడతాను. నా వృత్తంతా అంతేనన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బోనే లేకపోతే సీనెక్కడ పుడుతుందండీ మేడమ్?" అన్నారు చివరికి.

ఆయన్ని తప్పు పట్టలేను. విజయవాడలో ఉండే మా చెల్లెలు కూడా ఇన్నేళ్ళలో నా పనేమిటో ఒక్కసారైనా పూర్తిగా వినలేదు. ఆయన వెళ్ళాక కప్పులు కడుగుతుంటే, నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడి చాలా రోజులైందని గుర్తొచ్చింది. సినిమాకు పనికిరాకపోయినా, కొత్తగా అప్పీళ్ళలోకి వస్తున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన పదవులూ సన్మానాలూ ఇందులో ఉండవు. చెప్పుకోదగ్గవి పెద్దగా రానూ లేదు.

కాగితాల్లో పరిచయం

కింది కోర్టు ఒక మనిషిని దోషి అని తేల్చి శిక్ష వేస్తుంది. ఆ మనిషి పైకోర్టుకు వచ్చి రెండు రకాలుగా అడగవచ్చు. నేను ఈ నేరం చేయలేదు, ఆ తీర్పే తప్పు అనవచ్చు. లేదా తీర్పు సంగతి అలా ఉంచండి, శిక్ష మరీ ఎక్కువైంది, తగ్గించండి అనవచ్చు. మొదటిది గెలిస్తే నిర్దోషి. రెండోది గెలిస్తే దోషిగానే ఇంటికి వెళతాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా పుస్తకాల్లో చదివినంత కాలం చిన్నదిగానే కనిపిస్తుంది.

నేను తెనాలి పక్క నుంచి హైదరాబాద్ వచ్చి ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయన ఈ ఊరి మనిషి. శ్రీనగర్ కాలనీలో సొంతిల్లు, కింది గదుల్లో ఆఫీసు. చేరిన మొదటి రోజే ఒక కేసు పుస్తకం నా చేతిలో పెట్టారు. నేను బుద్ధిగా చివర ఉన్న తీర్పు తెరిచాను. ఆయన పుస్తకం లాక్కుని మళ్ళీ మొదటి పేజీకి తిప్పి ఇచ్చారు.

"తీర్పు ఫస్ట్ సదవకు బేటా. సదివినవంటే ఆ జడ్జి కండ్లతోనే సూస్తవ్. సాక్షులు ఏం జెప్పిన్రో గది సదువు. నీ దిమాక్ల నువ్వే ఒక తీర్పు రాసుకో. గప్పుడు ఆయనది తెరువు."

ఇప్పటి పిల్లలు తీర్పు కూడా పూర్తిగా చదవడం లేదు, ఆఖరి పేరాలు చూసి లేచి నిలబడుతున్నారు. వాళ్ళ మీద నాకు కోపమే తప్ప జాలి లేదు. సాక్షుల వాంగ్మూలాలు చదివితేనే ఆ మనుషులు కనబడతారు. ఆ పూట పొయ్యి మీద ఏం ఉడుకుతోందో, పక్కింటావిడకు వీళ్ళతో నీళ్ళ దగ్గర పాత తగాదా ఏముందో, ఎవరు ఎవర్ని ఏ వరసతో పిలుస్తారో అన్నీ అందులో ఉంటాయి. చదివి చదివి ఆ ఇల్లంతా నాకు తెలిసిపోయేది. వాళ్ళకు మాత్రం నేనెవరో తెలియదు. బస్సులో ఎదురు సీట్లో కూర్చుంటే ఒకరినొకరం గుర్తుపట్టం.

చేశావా, చేయలేదా అని క్లయింటును అడగకూడదని కూడా ఆయనే నేర్పారు. అప్పీల్లో కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రికార్డులో ఉన్నదే ఉంది. అతను చెవిలో చెప్పిన మాట జడ్జి ముందు పనికిరాదు, మన మనసులో మాత్రం ఉండిపోతుంది. నేను ఆ నియమం చివరిదాకా పాటించాను. నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఎవరు చేశారో, ఎవరు చేయలేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని చాలాసార్లు ప్రాణం కొట్టుకుంది.

మరో సంగతి కూడా ముందే చెప్పాలి. గెలిపించినా సరే, అప్పీలు వకీలును ఎవరూ శుభకార్యాలకు పిలవరు. మనల్ని చూస్తే వాళ్ళకు జైలు గుర్తొస్తుంది. ఒకసారి మధురానగర్ మార్కెట్లో, నేను విడిపించిన మనిషి భార్యాపిల్లలతో కూరగాయలు బేరమాడుతూ కనిపించాడు. నన్ను చూసి తల తిప్పుకుని పక్క సందులోకి వెళ్ళిపోయాడు. మొదట్లో ఇలాంటివి గుచ్చుకునేవి. తర్వాత తర్వాత నేనే ముందుగా తల తిప్పుకోవడం నేర్చుకున్నాను.

మా సీనియర్ ఓడిపోయిన రోజు

బెయిలు మీద బయట ఉండి అప్పీలు నడుపుకునే వాళ్ళ సంగతి వేరు. శిక్ష పడగానే పైకోర్టులో అప్పీలు వేసి, అది తేలేదాకా శిక్ష ఆపి విడిచిపెట్టండని అడుగుతాం. బెయిలు వస్తుంది. ఆ తర్వాత అప్పీలు వరసలో నిలబడుతుంది. ఏళ్ళు గడుస్తాయి. బయట ఉన్న మనిషి పనిలో పడతాడు, పెళ్ళి చేసుకుంటాడు, మెల్లగా కేసును మరచిపోతాడు. చాలామంది వకీళ్ళు అతనికంటే ముందే మరచిపోతారు. బెయిలు తెచ్చిన వాడికి వచ్చిన పేరు అప్పీలు వాదించిన వాడికి రాదు కదా.

అలా బయట ఉన్న ఒక కత్తిపోటు కేసు ముద్దాయి మధురానగర్‌లో మిర్చి బండి పెట్టుకున్నాడు. అప్పీలు విచారణకొచ్చిన రోజు, మా సీనియర్ లేచి నిలబడగానే జడ్జిగారు పుస్తకం తెరవకుండానే, మీ మనిషి ఇప్పుడేం చేస్తున్నాడు, పిల్లలెంతమంది అని అడిగారు. మా సీనియర్ మర్యాదగా జవాబిచ్చి, నేను నిర్దోషిత్వం మీదే వాదిస్తానన్నారు. మధ్యాహ్నం దాకా వాదించారు. అంత అందమైన వాదన నేను మళ్ళీ వినలేదు. అంతా విని జడ్జిగారు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చూసి అప్పీలు కొట్టేశారు. శిక్ష మొత్తం ఖాయమైంది. బెయిలు రద్దు, వెళ్ళి లొంగిపోవాలి.

ఆ సంగతి అతనికి చెప్పి రమ్మని సీనియర్ నన్ను పంపించారు. నేను వెళ్ళేసరికి అతను బండి దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాడు. విని, "ఇయ్యాల్నేనా?" అని ఒక్క మాట అడిగాడు. ఇంకా కొద్ది రోజులు గడువుందన్నాను. భార్య పొయ్యి ఆపింది. మూకుడు దించి, నూనె చల్లారేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. నేను ఆటో కోసం నిలుచున్నంతసేపూ వాళ్ళ వైపు చూడలేకపోయాను.

ఆఫీసుకు తిరిగొస్తే సీనియర్ కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నారు. "జడ్జి పెండ్లాం పిల్లల గురించి అడిగిండంటే గది ఉత్త ప్రశ్న గాదు బేటా," అన్నారు. "దర్వాజ తెరిచిండు. శిక్ష మీద మాట్లాడు, తగ్గిస్త అంటున్నడు. నేను నా వాదన ఇనిపియ్యాలని సూసిన. ఆ దర్వాజ సూడలే."

బయట వాళ్ళకు ఇది తెలియదు. కోర్టుల్లో ఎక్కడా రాసి ఉండదు కూడా. జడ్జికి ఆ మనిషిని మళ్ళీ జైలుకు పంపడం ఇష్టం లేనప్పుడు, తీర్పు తప్పని అనడం కూడా ఇష్టం లేనప్పుడు, ఇలాంటి ప్రశ్న ఒకటి వేస్తారు. అప్పుడు వకీలు, నేను మిగతా సంగతులు వాదించను, శిక్ష మీద మాత్రమే మాట్లాడతాను అనాలి. అనగానే కాసేపట్లో ఉత్తర్వు వచ్చేస్తుంది. ఇప్పటికి అనుభవించిన శిక్ష చాలు, దోషి అన్న మాట మాత్రం అలాగే ఉంటుందని. మనిషి ఇంటికి వెళతాడు. ఆ రోజు నుంచి, ఆ ప్రశ్న వినబడితే వదలకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. దానివల్ల చాలామంది ఇళ్ళకు వెళ్ళారు. ఎవరేమన్నా ఆ పద్ధతిని నేను వెనకేసుకొస్తాను.

మణెమ్మ అప్పీలు

ఇప్పుడు చెప్పబోయే కేసులో పేర్లు మార్చాను. గుర్తుపట్టే వీలున్న మరికొన్ని సంగతులు కూడా మార్చాను. సంబంధించిన వాళ్ళు చదివినా తమది అనుకోరు.

మణెమ్మ బోరబండలో ఉండేది. షూటింగులకు బట్టలు కిరాయికిచ్చే దుకాణంలో ఉతుకుడు, ఇస్త్రీ ఆమె పని. భర్త ఒక సాయంత్రం ఇంటి బయటి మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. గుట్ట మీద కట్టిన ఇల్లు, నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అతను తాగి ఉన్నాడు. అంతకుముందు ఇద్దరూ గొడవపడటం చుట్టుపక్కల వాళ్ళు విన్నారు. పడటం మాత్రం పెద్దవాళ్ళెవరూ చూడలేదు. గుమ్మంలో నిలబడి ఉన్నది ఆరేళ్ళ కూతురు శిరీష ఒక్కతే.

తండ్రి పోయిన మర్నాడే శిరీషను నాయనమ్మ తీసుకెళ్ళింది. పోలీసులు చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మాట రాసుకున్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పే నాటికి రెండో తరగతి. చిన్నపిల్లలు సాక్ష్యం చెప్పేటప్పుడు జడ్జి ముందుగా నాలుగు ప్రశ్నలు వేసి, పిల్లకు నిజం, అబద్ధం తేడా తెలుసా అని చూస్తారు. ఆ ప్రశ్నలూ జవాబులూ కూడా రికార్డులో ఉంటాయి. మీ టీచరు పేరేమిటంటే చెప్పింది. అబద్ధమాడితే ఏమవుతుందంటే, దేవుడు కండ్లు తీస్తడు అంది. ఆ తర్వాత, అమ్మ నాయన్ను నూకింది అంది, అంటే తోసేసిందని. ఆ ఒక్క మాట మీద మణెమ్మకు ఏడేళ్ళు పడింది.

ఆమెకు వకీలును పెట్టుకునే స్తోమత లేక, న్యాయ సహాయం కింద కేసు నాకిచ్చారు. నేను బెయిలు తెచ్చేనాటికి ఆమె లోపల ఉన్నది, విచారణ కాలంతో కలిపి, ఏడాదిన్నర పైమాటే. బెయిలు మీద బయటికొచ్చి మళ్ళీ అదే దుకాణంలో చేరింది. మొదట్లో ప్రతి దసరాకు ముందు మా ఇంటికి వచ్చి, నా కేసు వచ్చిందా మేడమ్ అని అడిగి వెళ్ళేది. రాలేదనేదాన్ని. కొన్నాళ్ళకు రావడం మానేసింది. నాయనమ్మ చనిపోయాక శిరీష తల్లి దగ్గరికి వచ్చిందని మాత్రం చివరిసారి చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఉన్న వెలుగు నాకు బాగా గుర్తుంది.

అప్పీలు విచారణకు వచ్చేసరికి శిరీషకు ఇరవై ఏళ్ళుంటాయి. ఫిల్మ్‌నగర్‌లో ఒక కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంటుగా చేస్తోంది. నేను మణెమ్మకు ఫోను చేసి, రావాల్సిన అవసరం లేదు కానీ దగ్గర్లో ఉంటే మంచిదన్నాను. తల్లి ఒక్కతే వస్తుందనుకున్నాను. కూతురు సెలవు పెట్టి వెంట వచ్చింది. కోర్టు హాల్లో వెనక వరసలో గోడ పక్కన కూర్చుంది.

నా వాదన సిద్ధంగా ఉంది. మంచి వాదన అది. పిల్ల అన్నాళ్ళూ ఉన్నది మణెమ్మ అంటే గిట్టని మనిషి దగ్గర. పోలీసులు మాట రాసుకోవడానికి చేసిన ఆలస్యానికి కారణం చెప్పలేదు. పిల్ల వాడిన మాటలు నాయనమ్మ తన సాక్ష్యంలో వాడిన మాటలతో అక్షరం పొల్లు పోకుండా సరిపోతున్నాయి. నేర్పించి చెప్పించిన సాక్ష్యం ఇది, నమ్మడానికి వీల్లేదు అని నిలబెట్టగలనన్న ధైర్యం నాకుంది. గెలుస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వను, మణెమ్మకూ ఇవ్వలేదు.

కేసు పిలిచారు. జడ్జిగారు పేజీలు తిప్పుతూ, ఆవిడ ఇప్పుడేం చేస్తోంది, కూతురెక్కడుంది అని అడిగారు. తల్లి దగ్గరే ఉంటోంది, ఈ హాల్లోనే ఉంది అన్నాను. కింది కోర్టులో సాక్ష్యం చెప్పిన పాపేనా అన్నారు. అవునన్నాను. ఆయన తలెత్తి వెనక వరస వైపు ఒకసారి చూసి, పుస్తకం మూసేశారు. మీ క్లయింటుతో మాట్లాడి ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకోండి అన్నారు. అంటే క్లయింటు ఏం చేయమంటారో కనుక్కుని రమ్మని. కేసు కాసేపు పక్కన పెట్టారు.

వరండాలో

శిరీషను హాల్లోనే ఉండమని, మణెమ్మను వరండాలోకి తీసుకెళ్ళి విడమరచి చెప్పాను. నిర్దోషినని వాదిస్తే గెలవవచ్చు. గెలిస్తే నీ మీద ఏ మచ్చా ఉండదు. ఓడితే మిగిలిన శిక్షంతా, అయిదేళ్ళకు పైగా, లోపల ఉండాలి. శిక్ష మీదే మాట్లాడితే ఇవాళే అయిపోతుంది, ఇంక జైలు లేదు, కానీ నేరం చేశావన్న మాట అలాగే ఉండిపోతుంది.

ఆమె జైలు గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "నేను చెయ్యలేదని మీరు కొట్లాడితే, పిల్ల గురించి ఏమంటరు మేడమ్?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. నేర్పిన మాటలు చెప్పింది, ఆ మాటలు నిజం కావు అంటానన్నాను.

"నా బిడ్డ ఇంటుండంగనా?"

వినకుండా ఇంటికి పంపించెయ్యొచ్చు గానీ, తీర్పులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, ఎవరైనా ఫోన్లో చదువుకోవచ్చు అన్నాను. మణెమ్మ వరండా పిట్టగోడ మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద ఇస్త్రీ కాలిన మచ్చలు పాతవీ కొత్తవీ ఉన్నాయి.

"అయితే వద్దు. శిక్ష సంగతే అడుగుండ్రి," అంది. "నా బిడ్డ అబద్ధమాడిందని మాత్రం నా పేరు మీద అనొద్దు. నేను గిట్ల చెప్పిన్నని దానికి తెల్వద్దు."

దోషి అన్న మాట జన్మంతా ఉంటుంది మణెమ్మా, బాగా ఆలోచించుకో అన్నాను.

"ఉండనీయుండ్రి. గిన్నేండ్లు ఉండలే?"

నాకు హాయిగా అనిపించింది, దాచను. నా అలవాటూ, జడ్జిగారి మనసూ, క్లయింటు మాటా మూడూ ఒక్క దారిలోనే ఉన్నాయి. లోపలికెళ్ళి, శిక్ష మీదే మాట్లాడతానన్నాను. జడ్జిగారి మొహం తేటపడింది. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. దోషి అన్న తీర్పును అప్పీలుదారు తరఫు న్యాయవాది సవాలు చేయడం లేదు, అనుభవించిన శిక్ష సరిపోతుంది. అంతే. మణెమ్మ బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. శిరీష నాకు నమస్కారం పెట్టి తల్లి సంచీ అందుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.

ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే ఇంకో సంగతి తట్టింది. మణెమ్మ ఆ పని చేయకపోతే, కూతుర్ని కాపాడటానికి నింద మోసింది. చేసి ఉంటే, నిజం చెప్పిన కూతుర్ని అబద్ధాలకోరు అననివ్వలేదు. రెండిట్లో ఏదైనా ఆమె అనాల్సిన మాట అదే. ఏదో నాకు తెలియదు. అడగలేదు. ఆ సాయంత్రం ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎంతగానో అనిపించింది. మా సీనియర్ అప్పటికే పోయారు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ లేరు, ఉన్నా చెప్పకూడదు. వకీలుకు క్లయింటు చెప్పిన మాట క్లయింటుదే. టీవీ పెట్టుకుని, గొంతు వినబడితే చాలన్నట్టు, ఏదో సీరియల్ చూస్తూ కూర్చున్నాను.

శిరీష వచ్చింది

కొన్ని వారాలకు ఒక సాయంత్రం శిరీష మా ఇంటికి వచ్చింది. తను పనిచేసే చోటు మాకు రెండు వీధుల అవతలే. భుజాన కొలత టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరచిపోయినట్టుంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. అమ్మకు తెలియకుండా వచ్చానంది.

"ఆ దినం పొద్దుగాల్నించి గాడ్నే కూసున్న మేడమ్," అంది. "నా గురించి ఎవరన్న ఏమన్న అంటరేమోనని. ఎవ్వరు ఏమనలే."

నీ గురించి అనాల్సిన అవసరం రాలేదమ్మా అన్నాను.

"ఎవరన్న అనాలనే ఆ దినం వచ్చిన. నేను సూసింది నాకు యాదికి లేదు మేడమ్. చెప్పింది మాత్రం యాదుంది. నిలబడి గట్టిగ చెప్పిన. నాయనమ్మ చెప్పిచ్చిందో, నేనే సూసిన్నో తెల్వది. పెద్ద కోర్టుల తేలుస్తరనుకున్న. నా మాట అబద్ధమని వాళ్ళంటే, గంతకన్న నాకు ఏం గావాలె?"

ఏ మాట వినకుండా కాపాడాలని తల్లి దోషిగా మిగిలిపోయిందో, ఆ మాట వినడానికే ఈ పిల్ల సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. ఇద్దరి మధ్యా నేనున్నాను. తల్లి అన్న మాట ఈ పిల్లకు చెప్పే వీలు నాకు లేదు.

శిక్ష మాత్రమే అడిగినప్పుడు కోర్టు మిగతా సంగతుల్లోకి వెళ్ళదని చెప్పాను. తీర్పులో కూడా ఏమీ ఉండదా అని అడిగింది. ఉండదన్నాను.

"అమ్మ చెయ్యలేదని మీరు అననే లేదు గదా మేడమ్. శిక్ష తక్కువ జెయ్యుండ్రి అన్నరు. చెయ్యనోళ్ళు గట్ల అడుగుతరా?"

చాలామంది అడుగుతారమ్మా అన్నాను. ఓడిపోతే మళ్ళీ జైలుకెళ్ళాలి కదా, ఆ భయంతో చేయని వాళ్ళు కూడా అలాగే అడుగుతారు అన్నాను. అది నిజమే. వందసార్లు చూసిన నిజం.

"అమ్మ గూడ భయపడే అడిగిందా?"

అవునంటే అబద్ధం. కాదంటే కారణం చెప్పాలి. నేను నీళ్ళ కోసం లేచాను. శిరీష నా మొహం చూసి తనకు తోచిన జవాబు తనే తీసుకుంది. నీళ్ళు ఇస్తే సగం తాగి, గ్లాసు వంటింట్లో తనే పెట్టి వచ్చి, వెళ్ళొస్తనంది. తలుపు వేశాక నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. నా వృత్తిలో అంత ఒంటరిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఒక్క మాట. శిక్ష మీదే మాట్లాడతాననడం తప్పు కాదు. ఆ మిర్చి బండి దగ్గర నిలబడ్డదాన్ని, తప్పని చచ్చినా అనను. కానీ ఆ మాట అన్న క్షణం నుంచి, ఆ ఇంట్లో ఏం జరిగిందో తేల్చే వాళ్ళు ఇంకెవరూ ఉండరు. మనకు అది ఒక కేసు అయిపోవడం. వాళ్ళకు మాత్రం అడగడానికి ఉన్న ఒకే ఒక్క చోటు మూతపడటం. అనే ముందు, ఆ చోటు కోసం ఎవరెవరు ఎదురుచూస్తున్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. అయినా అనాల్సి వస్తే అనండి.

మర్నాడు మణెమ్మకు ఫోను చేశాను. నీ కూతురు వచ్చిందని చెప్పాను. ఆ పిల్ల దాచాలనుకున్నది తల్లి నుంచే, కానీ ఆ పిల్ల నా క్లయింటు కాదు, మణెమ్మ నా క్లయింటు. నువ్వే చేశావని అనుకుంటోంది, వరండాలో నువ్వన్న మాట నువ్వే చెప్పు, లేకపోతే నన్ను చెప్పనివ్వు అన్నాను. తను అబద్ధం చెప్పిందని ఎవరైనా అంటే బాగుండునని చూస్తోంది మణెమ్మా, అని కూడా అన్నాను. అవతల ఇస్త్రీ పెట్టె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"తెల్సు మేడమ్. అది నన్ను సూసుడు మారింది," అంది. "నేను చేసిన్ననుకుంటే నా మీద కోపముంటది. నా మీదనే గదా, ఉండనీ. తానే తప్పు జెప్పి అమ్మను జైల్ల ఏసిన్ననుకుంటే, ఆ కోపం తన మీద తనకే ఉంటది. గది ఎటు వోతది? మీరేం జెప్పకుండ్రి."

సరే అన్నాను. నేను వృత్తిలో తీసుకున్న ఆఖరి ఇన్‌స్ట్రక్షన్స్ అవే.